నరాల మందు అని రాశారు

బెంగుళూరులో నేను పని చేసిన ప్రోటీన్‌కు పొడుగాటి ఇంగ్లీషు పేరు ఒకటి ఉండేది. మా జమ్మలమడుగులో దాన్ని నరాల మందు అన్నారు. ఆ పేరు పెట్టింది జిల్లా పేపరు.

అమ్మ రిటైరైన ఏడాది అది. మిషన్ బడిలో చాలాకాలం టీచరుగా చేసింది. మా ముత్తాతలు దొరల కాలంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. అప్పటి నుంచి మా ఇంట్లో చదువుకున్నవాళ్లంతా టీచర్లో నర్సులో అయ్యారు. పరిశోధన అంటూ బెంగుళూరు పోయింది నేనొక్కదాన్నే. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉండేది. చర్చి గుడిలో ఎవరు కనిపించినా, “ఏం పని చేస్తాండావు పాపా ఆడ?” అని అడిగేవాళ్లు. ప్రోటీన్ల మీద అంటే సరే సరే అని తలూపి అమ్మ ఆరోగ్యం అడిగేవాళ్లు.

అమ్మకు బళ్లో వీడ్కోలు సభ పెట్టారు. భోజనాలయ్యాక ఒకాయన నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అమ్మ దగ్గర చదువుకున్నవాడే, పేపరుకు వార్తలు రాస్తాడు. నా పని గురించి నిజంగా తెలుసుకోవాలని అడిగిన మొదటి మనిషి అతనే. సంబరంగా చెప్పాను.

నరాల కణాల పైపొరలో ఒక ప్రోటీన్ ఉంటుంది, ఒక కణం ఇంకో కణాన్ని అంటిపెట్టుకుని ఉండటానికి అది కావాలి, ఎదుగుతున్న నరం కొస దాన్ని పట్టుకునే ముందుకు పాకుతుంది అన్నాను. మనిషి మెదడులోంచి తీయలేం కదా, అందుకని దాన్ని తయారుచేసే మనిషి జన్యువును ఒక జాతి చిట్టెలుక కణాల్లో పెట్టి, ఆ కణాలతో చేయిస్తారు. బొటనవేలంత సీసాలో, అడుగున అంటుకున్న తెల్లటి పొడిగా వస్తుంది. దాన్ని కరిగించి గాజు పళ్లేనికి పూత పూయడం నా పని. కోడిగుడ్డులోని పిండం నుంచి నరకణాలు తీసి ఆ పళ్లెంలో వేస్తే, పూత ఉన్న చోట మరుసటి రోజుకే సన్నటి పోగులు సాగుతాయి. పూత లేని చోట కణాలు ముడుచుకుని పడి ఉంటాయి.

“అంటే తెగిన నరం అతుక్కుంటాదా మేడం?” అన్నాడు.

“పళ్లెంలో పెరుగుతుంది. మనిషిలో ఏమవుతుందో ఎవరికీ తెలీదు. ఇది మందు కాదు, ల్యాబు ప్రయోగాలకు వాడే సరుకు.”

అతను మొదటి ముక్క మాత్రమే రాసుకున్నాడు. “తెగిన నరాలకు మందు, జమ్మలమడుగు బిడ్డ ఘనత” అని పేపర్లో వచ్చింది. పక్కన డిగ్రీలో తీయించుకున్న నా ఫోటో, రెండు జడలతో.

ఆ పొద్దున అమ్మ గేటు తీసేసరికే అరుగు మీద మనుషులు ఉన్నారు. పక్షవాతం వచ్చిన ముసలాయనను ప్రొద్దుటూరు నుంచి ఆటోలో తెచ్చారు. పోలియో కాలు పిల్లను చంకన ఎత్తుకుని ఒకామె వచ్చింది. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లు వచ్చారు. వాళ్లకు చెప్పి పంపడం కష్టమే గానీ, చెబితే విన్నారు. తర్వాత వచ్చినవాళ్లు వేరు.

మగవాళ్లు. నడి వయసు వాళ్లు, కుర్రవాళ్లు. ఒకాయన కుడిచేయి మణికట్టు నుంచి వేలాడుతోంది. ఇంకొకాయన మెడ పక్క నుంచి భుజం దాకా వెడల్పాటి మచ్చ, ఆ చేయి పైకి లేవదు. ఏమైందంటే ఒకరు బండి మీంచి పడ్డానన్నారు, ఒకరు కోత మిషన్‌లో పడిందన్నారు, ఒకరు దీపావళి టపాకాయ అన్నారు. మా ఊళ్లో ఆ మాటలకు అర్థం చిన్నపిల్లలకూ తెలుసు. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఇద్దరు నాయకులు ఉండేవాళ్లు, ఇద్దరిదీ చెరో పార్టీ. ఎవరి పార్టీ గెలిస్తే అవతలివాళ్ల మీద కేసులు పడేవి. కడప కోర్టు నుంచి జీపులు తిరిగొచ్చే సాయంత్రాల్లో అంగళ్ల షట్టర్లు ముందే దిగేవి. చచ్చిపోయినవాళ్ల ఫోటోలు పేపర్లలో చూశాం గానీ, చావకుండా మిగిలినవాళ్లు ఇంతమంది ఉన్నారని ఆ రోజు మా అరుగు మీద చూసేదాకా నాకు తోచలేదు. ఇద్దరు నాయకుల మనుషులూ అందులో ఉన్నారు. ఒకరినొకరు గుర్తుపట్టి కూడా, నా ముందు పక్కపక్కనే కూర్చున్నారు.

అమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చింది. నేను అందరికీ ఒకే మాట చెప్పాను. వాళ్లు వెళ్లాక అమ్మ గ్లాసులు కడుగుతూ, “నువ్వా పేపరోనికి ఏం చెప్పినావే?” అంది. కోపంగా కాదు, భయంగా.

నేను బెంగుళూరు తిరిగి పోయే ముందు రోజు తెల్ల సుమో ఒకటి మా ఇంటి ముందు ఆగింది. దిగినాయన ఆ ఇద్దరిలో పులివెందుల వైపు నాయకుడి బావమరిది. బావే అయినా నాయకుణ్ణి అందరిలాగే ఈయనా అన్న అనేవాడు. ఇస్త్రీ నలగని చొక్కా. గుమ్మం బయటే చెప్పులు విప్పి లోపలికొచ్చాడు.

“టీచరమ్మా, మీ పాపను ఒక్క పూట పంపించల్ల. మా పిల్లోడు ఒకడు మంచాన ఉండాడు. అన్న బండి నడుపుతాండె. దావలో బాంబేసినారు. వెన్నులో దెబ్బ. నడుము కింద సచ్చుబడిపోయింది. వేలూరు ఆస్పత్రి దాకా తిప్పినాము. ఇంగ చేసేది లేదన్యారు.”

“అన్నా, పేపర్లో రాసింది తప్పు. నా దగ్గర మందు లేదు” అన్నాను.

“ఆ మాట ఆడికొచ్చి చెప్పమ్మా. ఒకసారి చూడు.”

అమ్మ కొంగు సర్దుకుని లేచింది. “నేను కూడా వస్తా” అంది.

ముద్దనూరు మీదుగా పులివెందుల దాటి, చీనీ బత్తాయి తోటల మధ్య మట్టిరోడ్డున పోయాం. దారి పొడవునా ఆయన సెల్లులో ఎలక్షన్ల సంగతే మాట్లాడాడు. ఊరి చివర బండల ఇల్లు. ముందు ముళ్లకంపతో గొర్రెల దొడ్డి, ఖాళీగా ఉంది. గొర్రెలు ఏవని అమ్మ అడిగితే, ఆ అబ్బాయి తల్లి, “అన్నీ వేలూరు దావ పట్టినాయమ్మా” అంది. రెండు మేకలు మాత్రం గుంజకు కట్టి ఉన్నాయి.

పంచలో ఇనప మంచం మీద అతను పడుకుని ఉన్నాడు. నాకంటే చిన్నవాడు. దూలానికి కట్టిన తాడు ఒకటి మంచం మీదికి వేలాడుతోంది. మమ్మల్ని చూసి దాన్ని పట్టుకుని లేచి కూర్చున్నాడు. చేతులు ఎంత బలంగా ఉన్నాయో! ఆ బలమంతా నడుము దగ్గర ఆగిపోయింది. నేను వస్తానని గడ్డం గీయించి తెల్ల చొక్కా తొడిగారు. అగరువత్తులు వెలిగించారు గానీ పుండ్ల వాసన వాటిని దాటి వస్తోంది. భార్య తలవైపు నిలబడింది. ఇరవై దాటి ఎంతో కాలమై ఉండదు.

అతను దిండు కింది నుంచి ఎక్స్‌రే తీసి ఇచ్చాడు.

“నేను ఇవి చూసే డాక్టర్ని కాదు తమ్ముడూ.”

“మరి యట్లాంటి డాక్టరక్కా?”

“గాజు పళ్లాల డాక్టర్ని.”

నవ్వాడు. పంచలో అప్పటిదాకా ఎవరూ నవ్వలేదు. నేను పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. పేపరాయనకు చెప్పినదానికంటే నిదానంగా చెప్పాను. కోడిపిండం సంగతి వినగానే వాళ్లమ్మ ముఖం తిప్పుకుంది. అతను మాత్రం ఒక్క మాట వదలకుండా విన్నాడు.

“ఆ పూత మీద నరం పాకుతాది సరే. యాడికి పోవల్లనో దానికెట్ల తెలుస్తాది?”

“అదే ఎవరికీ సరిగ్గా తెలీదు. పళ్లెంలో అయితే ఎటు పోయినా పర్వాలేదు. వెన్నులో అట్లా కాదు. అక్కడ మచ్చ కట్టి ఉంటుంది, నరాన్ని పెరగనివ్వనివి వేరే ఉంటాయి. ఈ ఒక్క ప్రోటీన్‌తో అయ్యే పని కాదు.”

“వేసి చూడొచ్చు కదక్కా?” అంది భార్య. అదే ఆమె మొదటి మాట. “పోతే పోనీ. ఇప్పుడు మాత్రం ఉండాడా ఏంది?”

అతను తాడు వదిలేసి మెల్లగా వెనక్కి వాలాడు.

“మనిషికి వేసేది కాదమ్మా అది. వేస్తే చీము పట్టొచ్చు, ప్రాణం పోవచ్చు. ఏమవుతుందో కూడా తెలీదు” అన్నాను.

బావమరిది స్తంభానికి ఆనుకుని అంతా విన్నాడు. “మీ బెంగుళూరు పెద్దలతో మాట్లాడల్లనా? అన్న చేత మంత్రికి చెప్పిస్తాము. మావాని కోసం అన్న ఏమీ చేయల్యాదని రేపు ఊర్లలో అనకూడదు. ఎలక్షన్లు వస్తాండాయి.”

“ఎవరు చెప్పినా ఇది మందు అయిపోదన్నా.”

“వచ్చే నెల తెస్తావని అన్నకు చెప్తాండా.” చెప్పులు తొడుక్కుంటూ అమ్మ వైపు చూశాడు. “టీచరమ్మ ఈడనే ఉంటాది కదా.”

“ఉంటానప్పా. యాడికి పోతా?” అంది అమ్మ.

సుమోలో తిరుగు ప్రయాణమంతా అమ్మ నా చేయి వదల్లేదు. ఇంటికొచ్చి దీపాలు వేసి, వంటింట్లో పీట మీద కూర్చుని, నా ముఖం చూడకుండా అంది: “మే, ఉప్పునీళ్లు అంత సీసాలో పోసి తెచ్చియ్యి. వాళ్లకు తృప్తి. మనకు రొంత నిమ్మళం.”

బళ్లో కాపీ కొట్టిన పిల్లలను ప్రార్థన చేయించి మరీ మందలించే మనిషి ఆమె. ఆ మాట ఆమె నోట వచ్చిందంటే ఎంత బెదిరిందో తెలిసింది. నాతో బెంగుళూరు వచ్చేయమన్నాను. రానంది. తను లేకపోతే భయపడి ఊరొదిలి పోయిందంటారు, అప్పుడు ఇల్లే పోతుంది అంది.

ల్యాబులో ఫ్రీజర్ తలుపు తీసిన ప్రతిసారీ అమ్మ మాట చెవిలో పడేది. ఉప్పునీళ్ల సీసాలు అక్కడ కావలసినన్ని ఉన్నాయి. ప్రోటీన్ కరిగించడానికి అవే వాడతాం. చూడటానికి రెండూ ఒకటే. ఆ నెల నా పళ్లాల్లో కణాలు ఎప్పుడూ లేనంత బాగా పెరిగాయి. మైక్రోస్కోప్ కింద ఆ పోగులు చూసి మా గైడు మెచ్చుకున్నాడు. నాకు మాత్రం ఇనప మంచం మీద కదలకుండా ఉన్న పాదాలు కనిపించేవి. గైడుకు సంగతి చెప్పాను. పోలీసులకు చెప్పకపోయావా అన్నాడు. ఆయనది మా ప్రాంతం కాదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసుకు ఫోనొచ్చిందని పిలిచారు. అవతల ఆ అబ్బాయి.

“అక్కా, నేనే. ఊర్లో ఒకాయప్ప సెల్లు అడుక్కున్యా. బిరీన చెప్తా. ఆ మందు పని చేయదు కదా?”

“చేయదు తమ్ముడూ.”

“ఎప్పటికీనా?”

“ఎప్పటికీ అని చెప్పలేను. కానీ నీకు అందేలోపల రాదు.”

అవతల ఎవరో సెల్లు కోసం తొందర చేస్తున్నారు.

“ఆ మాట నాకు ఆ పొద్దే అర్థమైంది. మా ఆడదానికి చెప్పల్లక్కా నువ్వు. నేను చెప్తే ఇనదు. అన్న బామ్మర్ది వచ్చినప్పుడల్లా మందు వస్తాంది, వస్తాంది అంటాడు. ఇది పులివెందులకు పోయి నాకు చెప్పులు కొనుక్కొచ్చింది. మంచం కింద పెట్టింది. నాకు సూడ బుద్ది కాలేదక్కా. వాళ్లన్నలు వచ్చి పిల్చినా పోలేదు. నేను లేస్తానని కూచ్చోనుంది. నువ్వు వచ్చి చెప్పు. సీసా గీసా ఏం తేవద్దు.”

వెళ్లాను. అమ్మకు చెబితే ఆపుతుందని, జమ్మలమడుగు పోకుండా, బెంగుళూరు నుంచి కదిరి మీదుగా నేరుగా పులివెందుల బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో. నన్ను చూడగానే భార్య చూపు నా చేతి సంచీ మీదికి పోయింది. గబగబా లోపలికి పోయి, మంచం మీద దుప్పటి మార్చడానికి కొత్తది తెచ్చింది. దుప్పటి వద్దు, కూర్చో అన్నాను. మంచం కింద చెప్పులు ఉన్నాయి, ఇంకా సంచీలోనే.

“మందు రాదమ్మా. తేవడానికి లేదు. తెచ్చినా ఆయన కాళ్లు రావు. వస్తాయని చెప్పినవాళ్లకు తెలీదు. నాకు తెలుసు.”

ఇంతకంటే మెత్తగా చెప్పే దారి బస్సులో ఎంత వెతికినా దొరకలేదు.

ఆమె చేతిలోని దుప్పటి మడత విప్పలేదు. “ఇంత దూరం వచ్చింది ఇది చెప్పనీకా?”

“ఊ.”

“అబద్ధమన్నా చెప్పచ్చు కదా. నీకేం పోతాది? ఇంగో ఏడాది ఉంటుంటి కదా నేను, ఆ మాట పట్టుకొని!” గొంతు పెరిగింది. చదువుకున్నదాన్నని పొగరన్నది. నా చేతులు పడిపోతే తెలుస్తుందన్నది. అతను, “ఊరుకో మే, నేనే రమ్మన్యా” అన్నాడు. ఆ మాటతో ఆమె ఒక్కసారిగా ఆగిపోయింది. మొగుడి వైపు చూసిన ఆ చూపు నేను చెప్పలేను. దుప్పటి అక్కడే నేల మీద పెట్టి దొడ్డి వైపు వెళ్లిపోయింది.

అతను గోడవైపు తిరిగి ఉన్నాడు. “పోయిరా అక్కా. బస్సు దొరకదు మళ్ల” అన్నాడు. బయట తల్లి మేకలకు ఆకు కోస్తోంది. “ఏమన్యావు తల్లీ, అట్ల పాయ అది?” అని అడిగింది. ఆమెకు కూడా చెప్పాను. కోత ఆపకుండానే తలూపింది.

ఇక బావమరిది ఎప్పుడొస్తాడా అని మేం ఎదురుచూశాం. రాలేదు. ఎలక్షన్లకు ముందు ఇద్దరు నాయకులకూ రాజీ అయింది. ఇద్దరూ ఒకే పార్టీలో చేరారు. ప్రొద్దుటూరులో పెద్ద సభ పెట్టి, పైనుంచి వచ్చిన పార్టీ పెద్ద ఇద్దరి చేతులూ కలిపి ఎత్తి పట్టుకున్న ఫోటో అన్ని పేపర్లలో వచ్చింది. జమ్మలమడుగు బస్టాండు దగ్గర ఒకరి వీధిలోకి ఒకరు పోనివాళ్లు ఒకే బంకు దగ్గర టీ తాగుతున్నారని అమ్మ ఫోనులో చెప్పింది. గుడిలో కృతజ్ఞతా ప్రార్థన చేశారట. అది మంచిదే. కొన్నాళ్లు చావులు తగ్గాయి, కాదనను. కానీ రాజీ అయినాక మంచాన పడినవాళ్లతో ఎవరికీ పని లేకపోయింది. ఆ పల్లెకు తెల్ల సుమో మళ్లీ పోలేదు. మా ఇంటికీ రాలేదు. అమ్మకు ముప్పు తప్పింది, అదే కారణంగా.

వానాకాలంలో అతనికి పుండ్లు ముదిరి జ్వరం పట్టుకుంది. కడపకు తీసుకుపోతుంటే దారిలో పోయాడు. కబురు ఎవరో అమ్మకు చెబితే, అమ్మ ఒక్కతే బస్సెక్కి మట్టి వేయడానికి వెళ్లింది. నేను ల్యాబులో ప్రయోగాల మధ్యలో ఉన్నాను, అందుకోలేకపోయాను. అక్కడ జరిగింది అమ్మే చెప్పింది. నాయకుడి మనుషులు వచ్చి, శవం మీద కప్పడానికి కొత్త పార్టీ జెండా తీశారట. తల్లి దాన్ని చేత్తో పట్టుకుని చూసి, “ఇది యాడిదప్పా? నా కొడుకు నడిపిన బండికి ఇది లేదే” అన్నదట. వాళ్లు జెండా మడిచి బండిలో పెట్టుకుని, పూలదండ ఒకటి వేసి వెళ్లిపోయారట.

థీసిస్ పూర్తయింది. ఆ ప్రోటీన్ మీద మా ల్యాబులో తర్వాత ఇంకొకరు పని చేశారు. నేను వేరే పనికి మారాను. ఏం చేస్తున్నావని మా ఊళ్లో ఎవరైనా అడిగితే, “ల్యాబులో ఉద్యోగం” అని ఆపేయడం అలవాటు చేసుకున్నాను.

కొన్నేళ్లకు అమ్మకు చీర కొందామని ప్రొద్దుటూరు వెళ్లాను. పట్టుచీరల అంగట్లో పరుపు అంచున మోకాళ్ల మీద కూర్చుని చీరలు మడత పెడుతున్న ఆ అబ్బాయి భార్యను చూసి ఆగిపోయాను. నన్ను ఆమే ముందు గుర్తుపట్టింది.

“బాగుండావా అక్కా? మీయమ్మ యట్లుండాది?”

తన అక్కావాళ్లింట్లో ఉంటున్నానని, అత్త కూడా పోయిందని చెప్పింది. మళ్లీ పెళ్లి మాట నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ముదురు రంగులు అమ్మ కట్టదంటే లేత రంగువి తీసి పరిచింది. చేతులు పని చేస్తూనే ఉన్నాయి. ఉన్నట్టుండి గొంతు తగ్గించింది.

“నిన్నొకటి అడగల్లని శానా దినాలు అనుకున్యా. ఆయన పోయే ముందు, జ్వరంలో ఉన్నప్పుడు, కాలు కదిల్చినాడక్కా. వేళ్లు కూడా. నేను నా కండ్లతో చూసినా. అత్తకు చూపిచ్చేలోగా ఆగిపాయ.”

వెన్ను దెబ్బతిన్నవాళ్లకు కాళ్లు వాటంతటవే ఎగరడం మామూలే. మెదడుకు దానితో సంబంధం ఉండదు. జ్వరం వస్తే, పుండ్లు ముదిరితే ఇంకా ఎక్కువవుతుంది. నాకు తెలుసు. ఆమె ఒక చీర కొంగును వెలుతురుకు పట్టి, దానికేసే చూస్తూ నా మాట కోసం ఆగింది.

“కదిలి ఉంటుందమ్మా” అన్నాను. “అట్లా కదలడం ఉంటుంది.”

“ఉంటాది కదా?” అంది. ఇంకేమీ అడగలేదు. అవతలి పరుపు మీద కూర్చున్న పెళ్లివాళ్లు పిలుస్తున్నారు. లేత ఆకుపచ్చ చీర నా ముందుకు జరిపి, “ఇది తీసుకో అక్కా, టీచరమ్మకు బాగుంటాది” అని వాళ్ల వైపు వెళ్లింది. నేను ఆ చీరే తీసుకున్నాను.